లైబ్రరీలో సీటుందో లేదో వెళ్లకుండానే తెలిసే యాప్ చేద్దామనుకుంటున్నాం, సలహాలు కావాలి (వైజాగ్)

మూడో_అంతస్తు | మంగళవారం, రాత్రి 9.42

అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. ముగ్గురం కలిసి ప్రాజెక్టు చేయాలి. అటెండెన్స్ యాప్‌లు, చాట్‌బాట్‌లు క్లాసులో మిగతా బ్యాచ్‌లు పట్టుకుపోయాయి. మాకు తట్టింది ఇది.

మా క్యాంపస్ కొండవాలు మీద ఉంటుంది. హాస్టల్ నుంచి లైబ్రరీకి పన్నెండు నిమిషాల ఎక్కుడు. ఏప్రిల్‌లో మన ఊరి ఉక్క సంగతి చెప్పక్కర్లేదు, పైకి చేరేసరికి చొక్కా పిండుకోవాలి. తీరా వెళ్తే సీటుండదు. సరే ఏదైనా తిందామని క్యాంటీన్‌కి దిగితే అక్కడ లైన్ మెట్ల దాకా. అరగంట కొండెక్కడం దిగడంతోనే సరి.

అందుకని లైబ్రరీ, క్యాంటీన్, కంప్యూటర్ ల్యాబ్, జిమ్, ఇండోర్ కోర్టు, ఈ ఐదూ ఎంత శాతం నిండాయో ఫోన్‌లో చూపిద్దామని. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో. అయితే జనాన్ని లెక్కపెట్టేదెలా అన్న దగ్గర ఆగిపోయాం. ఒకడు వైఫై అంటాడు, ఇంకొకడు కెమెరా అంటాడు. బడ్జెట్ ఆరు వేలు, అదీ మా జేబుల్లోంచే.

సిక్కోలు_బాబు | రాత్రి 9.51

ఏటి బాబూ, దీనికి యాప్ ఎందుకు? లోపలున్న ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే సరిపోదా. "రారా, నీకోసం పుస్తకం పెట్టి ఉంచాను" అని కూడా అంటాడు.

మూడో_అంతస్తు | రాత్రి 9.53

అలా పుస్తకం పెట్టే ఫ్రెండ్స్ వల్లే అన్నా మాకు సీటు దొరకనిది.

రుషికొండ_రౌటర్ | రాత్రి 10.25

తమ్ముడూ, ఐడియా బాగుంది. నేను నెట్‌వర్కింగ్‌లోనే పనిచేస్తాను కాబట్టి వైఫై గురించి చెప్తాను, మిగతావి వేరేవాళ్లు చెప్తారు.

రెండు దారులున్నాయి. మొదటిది, గాల్లో ఫోన్లు వదిలే సిగ్నల్ పట్టుకుని ఎన్ని ఫోన్లున్నాయో లెక్కపెట్టడం. పాత బ్లాగుల్లో ఇది తెగ కనిపిస్తుంది, నమ్మి దిగకండి. ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు నంబరు) చూసి లెక్కించే పద్ధతి అది. 2014లో ఐఓఎస్ 8తో ఆపిల్, వైఫై వెతికేటప్పుడు దొంగ అడ్రస్ చూపించడం మొదలుపెట్టింది. తర్వాత ఆండ్రాయిడ్ వైపు కూడా అదే మామూలైపోయింది. మీ పెట్టెకి ఒకే కుర్రాడు గంటలో పదిమందిలా కనిపిస్తాడు.

రెండోది, క్యాంపస్ వైఫైకి కనెక్టయిన వాళ్ల లెక్క. ఏ యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) మీద ఎంతమంది ఉన్నారో, వాటన్నిటినీ నడిపే కంట్రోలర్‌లో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. కంప్యూటర్ సెంటర్ వాళ్లు ఐదు నిమిషాలకోసారి ఆ ఒక్క అంకె ఇస్తే చాలు, పేర్లు అక్కర్లేదు. చిక్కేంటంటే ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ పెట్టుకున్నవాడు ఇద్దరవుతాడు. సొంత డేటా వాడుకునేవాడు అసలు లెక్కలోకే రాడు. పై అంతస్తులో కూర్చున్నవాడి ఫోన్ కింది అంతస్తు యాక్సెస్ పాయింట్‌ని పట్టుకుంటుంది.

శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో విద్యార్థులు మొదలుపెట్టిన వెయిట్జ్ అనే యాప్ ఉంది, సరిగ్గా మీరనుకున్నదే. వాళ్లు గదుల్లో చిన్న సెన్సర్లు పెట్టి వైఫై, బ్లూటూత్ సిగ్నళ్ల నుంచి అంచనా కట్టారు. చదవండి. కానీ వాళ్ల పెట్టుబడి ఆరు వేలు కాదు.

కరెంటు_వైరు | రాత్రి 10.48

వైఫై వద్దు మావా, గుమ్మం మీద సెన్సర్ పెట్టు. నేను పెట్టా, చూశా. విఎల్53ఎల్1ఎక్స్ అని గోరంత చిప్ ఉంటుంది, లేజర్ వెలుతురు వెళ్లి తిరిగొచ్చే టైమ్ బట్టి దూరం కొలుస్తుంది, నాలుగు మీటర్ల దాకా. గుమ్మం పైన నేలకేసి పెట్టి దాని చూపుని రెండు భాగాలు చేస్తే, మనిషి ఏ వైపు నుంచి ఏ వైపుకి దాటాడో తెలుస్తుంది. దాన్ని నడిపే ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుతో కలిపి ఖర్చు కూడా పెద్దగా కాదు. ఫొటో లేదు, ముఖం లేదు.

ఇక అసలు సంగతి. మా ల్యాబ్‌కి పెట్టాం. ఉదయం సున్నాతో మొదలైంది, పదకొండింటి దాకా అద్భుతం. మధ్యాహ్నం లంచ్ అయ్యాక గుంపుగా లోపలికొస్తూ ఇద్దరిద్దరు భుజం భుజం రాసుకుంటూ దూరారు, ప్రతి ఇద్దరికీ ఒకడినే లెక్కేసింది. బయటికి వెళ్లేటప్పుడు మాత్రం ఒక్కొక్కరే వెళ్లారు. సాయంత్రం ఐదింటికి స్క్రీన్ మీద "గదిలో ఉన్నవారు: మైనస్ 7". రివ్యూకి వచ్చిన సార్ చాలాసేపు దాని ముందు నిలబడి, "ఆ ఏడుగురూ ఎక్కడికెళ్లారయ్యా?" అని అడిగారు.

రోజూ రాత్రి మూసేటప్పుడు సున్నా చేసుకోవాలి. సున్నా కంటే కిందికి పోనివ్వకూడదు. అయినా పగలు తప్పు పేరుకుంటూనే ఉంటుంది. ఇంకోటి, బీచ్ వైపు గదైతే ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చగా చిలుం పట్టేస్తాయి. నా బోర్డు రెండో వర్షాకాలం చూడలేదు.

గ్రూప్2_గురూ | రాత్రి 11.05

కెమెరా పెట్టేయండి. హాల్లో ఆల్రెడీ సీసీటీవీ ఉంటుంది కదా. తలలు లెక్కపెట్టే మోడల్స్ ఫ్రీగా దొరుకుతాయి. అరగంట పని.

హాస్టల్_చీమ | రాత్రి 11.19

దయచేసి వద్దు. నేను చదువుకుంటూ నిద్రపోయే మనిషిని, నా తలని ఒక ప్రాజెక్టు బ్యాచ్ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని చూడటం నాకిష్టం లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. అవన్నీ పక్కన పెట్టినా, కెమెరా అనగానే అమ్మాయిలు సగం మంది మీ యాప్ పేరెత్తరు.

ఇంకో మాట అసలు ఎవరూ అనలేదు కాబట్టి నేనే అంటా. రాత్రి ఎనిమిదిన్నరకి రీడింగ్ హాల్లో ఒక్కదాన్నే ఉన్నాననుకోండి. మీ యాప్ "1" అని చూపిస్తుంది. ఎవరికి చూపిస్తుంది? అందరికీ. మీకది డేటా అన్నా, నాకది భయం. పదిమంది లోపుంటే అంకె చూపించొద్దు, "ఖాళీగా ఉంది" అంటే చాలు. ల్యాబ్‌కీ జిమ్‌కీ కూడా అంతే.

మూడో_అంతస్తు | రాత్రి 11.26

అక్కా, నిజంగా ఈ కోణం మా ముగ్గురికీ తట్టలేదు. ముగ్గురం అబ్బాయిలమే. కెమెరా కొట్టేశాం. పదిలోపు అంకె ఉండదు.

సిక్కోలు_బాబు | బుధవారం, ఉదయం 7.10

రాత్రంతా ఆలోచించాను (నిద్ర పట్టక, మీ యాప్ మీద ప్రేమతో కాదు). శాతం అంటున్నారు కదా, 72 శాతం నిండింది అంటే నేనేం చేయాలి? వెళ్లాలా మానాలా?

తిరుమల వార్త రోజూ పేపర్లో చూడండి. ఇన్ని కంపార్ట్‌మెంట్లలో భక్తులు వేచి ఉన్నారు, టోకెన్లు లేనివారికి సర్వదర్శనానికి ఇన్ని గంటలు పడుతుంది. అంతే. రద్దీ మరీ ఎక్కువైతే 31 కంపార్ట్‌మెంట్లూ నిండి బయట క్యూ అని రాస్తారు. మా అమ్మ స్మార్ట్‌ఫోన్ ముట్టదు, ఆ ఒక్క ముక్క చదివి ప్రయాణం వారం వాయిదా వేస్తుంది. అందులో శాతం ఎక్కడైనా ఉందా? కొండ మీద ఎంతమంది ఉన్నారన్నది కాదు, నేను వెళ్తే ఎంతసేపు నిలబడాలన్నదే ఆవిడకి కావాలి.

రుషికొండ_రౌటర్ | ఉదయం 8.02

బాబూ, నీకు దండం. రెండేళ్లుగా డాష్‌బోర్డులు చేస్తున్నా, ఈ ముక్క ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

గూగుల్ మ్యాప్స్‌లో హోటల్ పేరు కింద కనిపించే కడ్డీలు కూడా జనం సంఖ్య చెప్పవు. ఆ చోటికే ఎక్కువ రద్దీ ఉన్న వేళతో పోల్చి ఎంత అని మాత్రమే చూపిస్తాయి. టీ కొట్టు కడ్డీ నిండా ఉందంటే అక్కడ వెయ్యిమంది ఉన్నట్టు కాదు.

క్యాంటీన్‌కి ఇది ఇంకా సులువు. లైన్లో ఎంతమంది ఉన్నారో, నిమిషానికి ఎందరు బయటపడుతున్నారో తెలిస్తే భాగహారమే. క్యూల శాస్త్రంలో దీన్ని లిటిల్స్ లా అంటారు, జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. మీ దగ్గర కూపన్ కౌంటర్ ఒకటేనా?

మూడో_అంతస్తు | ఉదయం 8.30

కూపన్ కౌంటర్ ఒకటే. కానీ అసలు ఆలస్యం అక్కడ కాదన్నా, దోసె దగ్గర. నిన్న నిలబడి చూశా. పెనం మీద ఒక విడతకి ఆరు దోసెలు, మూడు నిమిషాలు. అంటే నిమిషానికి రెండు. నా ముందు ఇరవై మంది ఉంటే పది నిమిషాలు. అదే ఇడ్లీ అయితే ప్లేట్లో పెట్టి ఇచ్చేయడమే. ఒకే క్యాంటీన్, ఒకే టైమ్, దోసెవాడికి రద్దీ, ఇడ్లీవాడికి ఖాళీ.

హాస్టల్_చీమ | ఉదయం 8.34

మసాలా దోసె అయితే ఇంకో నిమిషం కలుపుకోండి. నాకు తెలుసు.

గ్రూప్2_గురూ | ఉదయం 9.15

నా డౌట్ వేరు. యాప్‌లో "ఖాళీ" అని వచ్చిందనుకో, అందరూ అదే చూసి ఒకేసారి ఎగబడితే? పది నిమిషాల్లో ఫుల్. అప్పుడు అందరూ మానేస్తే మళ్లీ ఖాళీ. ఊయల ఊగినట్టు ఊగుతుంది కదా.

రుషికొండ_రౌటర్ | మధ్యాహ్నం 1.20

మంచి డౌట్. దీని మీద పేరున్న లెక్కే ఉంది. బ్రయాన్ ఆర్థర్ అనే ఆర్థికవేత్త 1994లో వేసిన చిక్కుముడి. శాంటా ఫేలో ఎల్ ఫరోల్ అనే బార్, వెళ్దామా అనుకునేవాళ్లు వందమంది, అరవై మంది లోపు వస్తేనే అక్కడ హాయిగా ఉంటుంది. ఖాళీగా ఉంటుందని అందరూ నమ్మితే అందరూ వస్తారు, అప్పుడు ఖాళీ ఉండదు. అందరూ ఒకేలా ఆలోచిస్తే ఏ అంచనా అయినా తనని తానే తప్పు చేసుకుంటుంది.

అయితే తమ్ముడికి ఇప్పుడే ఆ బెంగ అక్కర్లేదు. మొదట్లో వాడేది యాభై మంది. యాభై మందితో ఊయల ఊగదు. అంతమంది వాడే రోజొస్తే అప్పుడు పార్టీ అడుగుతాను.

పాత_కార్డు | సాయంత్రం 5.40

పిల్లలూ, ఈ చర్చ మా మనవడు చూపించాడు. నేను చాలా ఏళ్లు గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. యాప్‌ల గురించి నాకు తెలియదు, కుర్చీల గురించి తెలుసు.

మీరందరూ తలలు లెక్కపెట్టే పనిలో ఉన్నారు. నిండిపోయేవి తలలు కావు నాయనా, కుర్చీలు. పాత రోజుల్లో బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపేవాళ్లు చూడండి, లైబ్రరీలో అదే పని నోటుపుస్తకం, నీళ్ల సీసా చేస్తాయి. మనిషి టీకి వెళ్తాడు, అక్కడి నుంచి క్లాసుకి వెళ్తాడు, సీసా మాత్రం సాయంత్రం దాకా చదువుకుంటూ కూర్చుంటుంది. మీ సెన్సర్ గుమ్మం దగ్గర "మనిషి బయటికి వెళ్లాడు, ఒక సీటు ఖాళీ" అంటుంది. పిల్లవాడు కొండెక్కి వచ్చి చూస్తే ప్రతి కుర్చీ ముందూ ఒక సీసా.

రెండో సంగతి. మీ లైబ్రరీలో ప్రాపర్టీ కౌంటర్ ఉంటుంది కదా, సంచి ఇస్తే టోకెన్ ఇస్తారు. ఆ టోకెన్ల బోర్డు చూడండి. ఎన్ని కొక్కేలు ఖాళీగా ఉంటే సుమారుగా అంతమంది లోపల ఉన్నట్టు. మేము ఆ బోర్డు చూసే మధ్యాహ్నం అదనంగా ఫ్యాన్లు వేయాలో వద్దో నిర్ణయించుకునేవాళ్లం.

కరెంటు_వైరు | సాయంత్రం 5.52

మాస్టారూ, నేను మూడు నెలలు సోల్డరింగ్ చేసింది మీరు కొక్కేలతో చేసేశారు 😭

మూడో_అంతస్తు | శనివారం, రాత్రి 10.15

అప్‌డేట్. మూడు రోజులు నోటుపుస్తకం పట్టుకుని లైబ్రరీలో తిరిగాం. లోపల మొత్తం 160 కుర్చీలు.

గురువారం ఉదయం 11 గంటలకి బోర్డు మీద 96 టోకెన్లు బయటికెళ్లాయి. లోపల తలలు 118. సంచి తేనివాళ్లకి టోకెన్ ఉండదు కాబట్టి ఆ తేడా. అదే సాయంత్రం 6కి టోకెన్లు 61, తలలు 74. శుక్రవారం కూడా దాదాపు ఇదే వరస. అంటే టోకెన్ల లెక్కని 1.2తో హెచ్చిస్తే మనుషులు వచ్చేస్తున్నారు. గుమ్మానికి ఒక్క వైరు కూడా వేయలేదు.

కానీ మాస్టారు అన్నదే నిజం. ఆ 11 గంటల సంగతే చూడండి. 118 మంది ఉంటే 42 కుర్చీలు మిగలాలి. తిరిగి చూస్తే నిజంగా కూర్చోగలిగినవి 9. మిగతా 33 చోట్ల సీసాలు, నోట్సు, ఒకచోట హెల్మెట్, ఒకచోట సగం తిన్న మురీ మిక్చర్ పొట్లం (లోపలికి తిండి నిషేధం, ఎలా తెచ్చాడో). మా మొదటి ప్లాన్ ప్రకారమైతే యాప్ "42 సీట్లు ఖాళీ" అని పచ్చగా మెరిసిపోయేది.

సాయంత్రం ఇలా లేదు. ఆరు గంటలకి సీసాలు పదకొండే. డే స్కాలర్లు ఇళ్లకి వెళ్లేటప్పుడు తీసేసుకుంటారు. అంటే ఒకే లెక్క పొద్దున్న ఒకలా, సాయంత్రం ఒకలా అర్థం చేసుకోవాలి.

పాత_కార్డు | ఆదివారం, ఉదయం 6.30

చాలా సంతోషం నాయనా. సీసాలకి మందు మా దగ్గర ఒకటుండేది. ఖాళీ కుర్చీ ముందు వస్తువులుంటే, టైమ్ రాసిన చీటీ ఒకటి వాటి మీద పెట్టేవాళ్లం. అరగంటకి మనిషి రాకపోతే వస్తువులు కౌంటర్‌కి చేర్చి కుర్చీ ఖాళీ చేసేవాళ్లం. మొదటి వారం గొడవలయ్యాయి. తర్వాత అలవాటైపోయింది.

గ్రూప్2_గురూ | ఉదయం 9.20

సార్, భోజనానికే గంట పడుతుంది. పొద్దున్న ఏడింటికి వచ్చి గేటు ముందు నిలబడి సీటు పట్టుకున్నవాడి సంగతేంటి? నాకు ఇంట్లో చదువుకునే చోటు లేకే ఇక్కడికి వచ్చేది. అవును, ఆ 33లో ఒక సీసా నాలాంటివాడిదే. తీసేస్తామంటే నాకు కోపం వస్తుంది.

హాస్టల్_చీమ | ఉదయం 9.41

కోపం రావచ్చు గురూగారూ, కానీ మీరు తినే ఆ గంటలో నేను మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నా. భోజనం వేళ గంట ఇచ్చి, మిగతా టైమ్‌లో అరగంట పెడితే ఇద్దరికీ కుదురుతుంది.

గ్రూప్2_గురూ | ఉదయం 9.58

గంట ఇస్తే ఓకే.

మోడరేటర్ | ఉదయం 10.05

చీటీల విధానం లైబ్రరీవాళ్లు తేల్చాల్సింది. ఇక్కడ యాప్ డిజైన్ గురించి మాట్లాడుకుందాం. గొడవ లేకుండా తేలినందుకు ఇద్దరికీ థాంక్స్.

మూడో_అంతస్తు | రాత్రి 9.30

సరే, ఇప్పటికి మేమనుకున్నది ఇది. ఐదు చోట్లు కాదు, రెండే: లైబ్రరీ, క్యాంటీన్. యాప్ కూడా కాదు, బ్రౌజర్లో తెరుచుకునే ఒక పేజీ. ఫోన్లో జాగా లేదని ఇన్‌స్టాల్ చేసుకోనివాళ్లే ఎక్కువ.

లైబ్రరీకి మూడు మాటలు మాత్రమే. "దొరుకుతుంది", "వెతుక్కోవాలి", "ఇప్పుడు వద్దు". రంగు ఉంటుంది కానీ రంగు మీదే ఆధారపడదు, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియనివాళ్లు మా రూమ్‌లోనే ఒకడున్నాడు. కింద చిన్న అక్షరాల్లో "12 నిమిషాల కిందటి మాట" అని ఉంటుంది. ముప్పై నిమిషాలు దాటితే మాట మాయమై "తెలియదు" అని వస్తుంది. తప్పు చెప్పడం కంటే అదే నయం అనిపించింది.

టోకెన్ల లెక్క ఎవరు ఎక్కించాలన్నదే తేలలేదు. కౌంటర్ దగ్గరుండే ఆయన్ని అడిగాం. "బాబూ, సంచులు తీసుకోనా, ఫోన్ నొక్కనా?" అన్నారు. ఆయన మాటా నిజమే. చివరికి ఏం చేశామంటే, బోర్డు మీద పైనుంచి కిందికి వరసలవారీగా టోకెన్లు ఇవ్వమన్నాం. మొదటి నాలుగు వరసలూ అయిపోతే పసుపు గీత, ఆరూ అయిపోతే ఎర్ర గీత. ఆ గీత దాటినప్పుడు మాత్రం ఒక బటన్ నొక్కితే చాలు. గీత దాటకపోయినా, పుస్తకాలు సర్దే అటెండర్ అరగంటకోసారి అటు వెళ్లేటప్పుడు ఒకసారి నొక్కుతారు. రోజుకి ఓ పాతిక నొక్కులు. ఒప్పుకున్నారు.

రుషికొండ_రౌటర్ | రాత్రి 9.55

గీతల ఐడియా చాలా నచ్చింది. పేజీలో "ఇప్పుడు" కంటే ముందు "మామూలుగా ఈ వేళకి" అన్నది పెట్టు. హాస్టల్లో కూర్చున్నవాడికి పదిహేను నిమిషాల తర్వాతి సంగతి కావాలి. మీరు రెండు వారాలు లెక్క రాసుకుంటే అది దానంతటదే వస్తుంది. పరీక్షల వారం లెక్క మాత్రం వేరే పెట్టుకోండి, కలిపితే రెండూ పాడవుతాయి.

సిక్కోలు_బాబు | రాత్రి 10.02

క్యాంటీన్ పేజీలో దోసెకి ఎన్ని నిమిషాలో వేరే వేయండి. నా సలహాకి ఫీజు అదే.

హాస్టల్_చీమ | తర్వాతి శుక్రవారం, రాత్రి 8.50

టెస్ట్ పేజీ వాడి చూశాను. సాయంత్రం 6.10కి "వెతుక్కోవాలి" అని ఉంది, 9 నిమిషాల కిందటి మాట. వెళ్లాను. నాలుగు నిమిషాలు తిరిగితే కిటికీ పక్కన రెండో వరసలో దొరికింది. పక్క కుర్చీలో ఒక సీసా, దాని మీద "5.55" అని రాసిన చీటీ. నిజంగానే పెడుతున్నారు!

కానీ నా సీటు పైన ఫ్యాన్ తిరగట్లేదు. అందుకే ఖాళీగా ఉందని కూర్చున్నాక తెలిసింది.

మూడో_అంతస్తు | రాత్రి 8.58

అక్కా, ఏ వరస? రేపు ఫ్యాన్లన్నీ లెక్కపెట్టుకొస్తాం.